షుగర్ ఉన్న పిల్లల్లో ధీమా ఎంత? ఆ కొలత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

టైప్ 1 మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక, రోజూ బయటినుంచి వేసుకోవాల్సిన రకం షుగర్) ఉన్న పిల్లలకు, అంటే పదేళ్ళు దాటిన దగ్గర్నుంచి కాలేజీ వయసు వరకు ఉన్నవాళ్ళకు, క్లినిక్‌లో ఒక కాగితం ఇస్తాం. ఒక్కో పనికి ఎదురుగా 1 నుంచి 10 లోపు ఒక అంకెకు సున్నా చుట్టమంటాం. ఆ కాగితం చూసి తల్లిదండ్రులు, లెక్చరర్లు, ప్రాజెక్టు కోసం వచ్చే నర్సింగ్, సైకాలజీ విద్యార్థులు, అన్నిటికంటే ముందు ఆ పిల్లలే అడిగే ప్రశ్నలివి. ఇన్సులిన్ మోతాదుల సంగతి ఇక్కడ ఉండదు. అది మీ డాక్టరుగారితోనే తేల్చుకోవాలి.

ఈ కాగితం అసలు ఏం కొలుస్తుంది?

షుగర్‌ను చూసుకోవడంలో రోజూ ఉండే పనుల్ని, ఒక్కో పనిని విడివిడిగా, "ఇది నేను చేసుకోగలను" అని పిల్ల లేదా పిల్లాడు ఎంత గట్టిగా అనుకుంటున్నారో కొలుస్తుంది. అంతే. తెలివి కొలవదు, క్రమశిక్షణ కొలవదు, "మంచి పిల్లాడు" అన్నది అసలే కొలవదు.

విడివిడిగా అన్నది ముఖ్యం. ఇంట్లో అమ్మ పక్కనుంటే కళ్ళు మూసుకుని ఇంజెక్షన్ చేసుకునే అమ్మాయే, మేనమామ పెళ్ళిలో పంతిలో కూర్చున్నప్పుడు లేచి వెళ్ళి సూది వేసుకోలేదు. ఆ అమ్మాయిని "నీకు ధైర్యం ఎంత?" అని మొత్తంగా అడిగితే ఏదో ఒక అంకె చెప్తుంది. దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. ఇల్లు వేరు, పెళ్ళి వేరు అని విడదీసి అడిగితేనే సంగతి బయటికొస్తుంది. ఈ ఆలోచనకు మూలం మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం. మనిషి ఒక పనికి పూనుకుంటాడా, అడ్డంకి వస్తే నిలబడతాడా అన్నది, ఆ పని తనవల్ల అవుతుందని ఎంత నమ్ముతున్నాడన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుందని ఆయన వాదన.

మీటరు ఉంది, మూడు నెలల సగటు షుగర్ లెక్క చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ ఉంది. మళ్ళీ ఇదెందుకు?

ఎందుకంటే ఆ పరీక్షలు షుగర్ ఎంతుందో చెప్తాయి, ఎందుకుందో చెప్పవు. ఇద్దరు పిల్లలకు హెచ్‌బీఏ1సీ 9 వచ్చిందనుకోండి. ఒకరికి రాత్రి నిద్రలో షుగర్ పడిపోతుందేమోనని భయం. అందుకే పడుకునే ముందు ఎవరికీ చెప్పకుండా డోసు తగ్గించేస్తుంటారు. ఇంకొకరికి రాత్రి ఏ ఇబ్బందీ లేదు, క్లాసులో మీటరు బయటికి తీయాలంటేనే సిగ్గు. రిపోర్టులో ఇద్దరిదీ ఒకే అంకె, చేయాల్సిన సాయం మాత్రం పూర్తిగా వేరు. కాగితం మీద ఒకరు "రాత్రిపూట షుగర్ పడిపోతే చూసుకోగలను" దగ్గర 2 చుడతారు, ఇంకొకరు "క్లాసులో టెస్ట్ చేసుకోగలను" దగ్గర 2 చుడతారు. మాట్లాడటం అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.

ఇంకో కారణం వయసు. యుక్తవయసులో హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. పిల్లలు అన్నీ సరిగ్గా చేసినా షుగర్ ఎగబాకే రోజులుంటాయి. అలాంటప్పుడు రిపోర్టు ఒక్కటే చూసి తిడితే, ఉన్న కాస్త ధీమా కూడా పోతుంది.

ఇందుకు ఏమేం ప్రశ్నావళులు వాడతారు?

పాతవాటిలో పేరున్నది 1987లో గ్రాస్‌మన్, బ్రింక్, హౌజర్ అమెరికాలో తయారుచేసింది. అందులో 35 ప్రశ్నలు. ఇప్పుడు పిల్లల మీద జరిగే అధ్యయనాల్లో తరచుగా కనిపించేది 2006లో ఇయానొట్టి బృందం ప్రచురించిన ఎస్‌ఈడీఎం (షుగర్‌ను చూసుకోవడంలో ధీమాను కొలిచే స్కేలు). పది నుంచి పదహారేళ్ళ పిల్లల కోసం పది ప్రశ్నలే పెట్టారు, ఒక్కోదానికి 1 నుంచి 10 వరకు అంకె. మామూలు కంటే ఎక్కువో తక్కువో తిన్నప్పుడు ఇన్సులిన్‌ను సరిచేసుకోవడం, పనుల ఒత్తిడిలో కూడా టెస్ట్ చేసుకోవడం, ఇబ్బంది ఉంటే డాక్టరుతోనో నర్సుతోనో చెప్పడం, విసుగు వచ్చినప్పుడు దాన్ని తట్టుకోవడం, ఇలాంటివి ఉంటాయి. పెద్దవాళ్ళ కోసం నెదర్లాండ్స్ పరిశోధకులు ముందుండి చేసిన సీఐడీఎస్ అనే ఇలాంటి స్కేలు ఉంది, షుగర్ పడిపోవడాన్ని ఎదుర్కొనే ధీమా కోసం విడిగా ఇంకొకటి ఉంది.

క్లినిక్ పనికి నాకు చిన్నదే నచ్చుతుంది. 35 ప్రశ్నలంటే పదిహేనో ప్రశ్న దాటాక పిల్లలు చదవడం మానేసి వరసగా చుట్టేస్తారు. పరిశోధనకైతే పెద్దది కావాల్సి రావచ్చు, అది వేరే సంగతి.

"చేస్తున్నావా?" అని కాకుండా "చేసుకోగలవా?" అని ఎందుకు అడుగుతారు?

"చేస్తున్నావా" అంటే అది విచారణ. జవాబుగా మనకు నచ్చేదే వస్తుంది. "చేస్తావా" అంటే మాట తీసుకోవడం, దానికి అందరూ తల ఊపుతారు. "ఇవాళ, ఈ పరిస్థితిలో, నీవల్ల అవుతుందా?" అన్నప్పుడే పిల్లలు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. ఇలాంటి స్కేళ్ళు ఎలా తయారుచేయాలో బందూరా 2006లో రాసిన మార్గదర్శకంలో కూడా ఇదే ఉంది: ఉద్దేశాన్ని కాదు, సామర్థ్యం మీద నమ్మకాన్ని అడగాలి. అడ్డంకి లేని ప్రశ్న పెట్టకూడదని కూడా అంటాడు. "ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు టెస్ట్ చేసుకోగలవా?" అంటే అందరూ 10 చుడతారు, మనకు ఏమీ తెలియదు. "రేపు పరీక్ష, నిద్ర లేదు, అయినా చేసుకోగలవా?" అంటే అంకెలు విడిపోతాయి.

ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులో రాసి ఇచ్చేస్తే సరిపోదా?

సరిపోదు. భాష మార్చడం సులువే, బతుకు మారదు కదా. అమెరికా పిల్లల కోసం రాసిన ప్రశ్నకు వాళ్ళ స్కూలు నర్సు, వాళ్ళ రెస్టారెంటు, వాళ్ళు ఒంటికి తగిలించుకునే ఇన్సులిన్ పంపు మనసులో ఉంటాయి. మన ఇంటర్ పిల్లలు రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలెట్టి రాత్రి పొద్దుపోయే వరకు పుస్తకాల ముందే ఉంటారు. మెస్‌లో ఎప్పుడు ఏం పెడతారో వాళ్ళ చేతుల్లో ఉండదు. ఇన్సులిన్ వార్డెన్ గది ఫ్రిజ్‌లో ఉంటుంది, ఆ గదికి తాళం ఉంటుంది. ఫ్రిజ్ లేని ఇళ్ళలో తడి మట్టికుండలో పెడతారు. మన దగ్గర చాలామంది వాడే ఇన్సులిన్ బుడ్డీలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. దానికి ఎర్రమూత సిరంజినే వాడాలి. మందులషాపులో నారింజరంగు మూతది, అంటే 100 యూనిట్లది, ఇచ్చినా పట్టించుకోకపోతే డోసు మొత్తం తారుమారవుతుంది. ఇవేవీ ఆ ఇంగ్లిష్ కాగితంలో ఉండవు.

పరిశోధన కోసమైతే పద్ధతి ఉంది. తయారుచేసినవాళ్ళ అనుమతి తీసుకోవాలి, ఇద్దరు విడివిడిగా అనువదించాలి, మూలం చూడనివాళ్ళతో తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించాలి, తేడాలు సరిచేయాలి. ఆ తర్వాత చాలామంది ఎగ్గొట్టే మెట్టు ఒకటుంది: పిల్లల పక్కన కూర్చుని, ఒక్కో ప్రశ్న చదివించి, "నీకేం అర్థమైంది?" అని అడగాలి. కర్నూలు పిల్లకు, శ్రీకాకుళం పిల్లాడికి, ఇంగ్లిష్ మీడియంలో చదివే హైదరాబాద్ పిల్లకు ఒకే అర్థం తట్టిందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

క్లినిక్‌లో కబురు మొదలుపెట్టడానికి మాత్రం నేనైతే ఇలాంటివి అడుగుతాను. ఇది పరీక్షించి నిగ్గుతేల్చిన స్కేలు కాదు, మాటల్లోకి దిగడానికి పనికొచ్చే పట్టిక:

- పెళ్ళి భోజనంలో వడ్డించినవి చూసి, ఎంత తినాలో, ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో తేల్చుకోగలను.
- క్లాసు మధ్యలో షుగర్ పడిపోతున్నట్టుంటే, లెక్చరర్‌కు చెప్పి గ్లూకోజ్ తీసుకోగలను.
- జ్వరమొచ్చి ఏమీ తినలేకపోయినా ఇన్సులిన్ మానేయకుండా ఉండగలను, ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు.
- సిరంజి మీద గీతలు, బుడ్డీ మీద అంకె సరిపోలాయో లేదో చూసుకోగలను.
- "కాకరకాయ రసం తాగు, ఈ సూదులన్నీ ఎందుకు?" అనే బంధువుకు జవాబు చెప్పగలను.
- మీటరులో 350 కనబడినా దాచకుండా ఇంట్లో చెప్పగలను.

చివరిదాని దగ్గర పెన్ను ఎక్కువసేపు ఆగుతుంది.

మా అబ్బాయి అన్నిటికీ 10 చుట్టాడు. సంతోషించొచ్చా?

కాసేపు ఆగండి. వరసగా పదులు కనబడితే నేను ముందు ఒక పని అడుగుతాను: "ఒకసారి చేసి చూపించు నాయనా."

ఒక కుర్రాడు ఇంజెక్షన్ దగ్గర 10 చుట్టాడు. చేయడం కూడా చకచకా చేశాడు. ఇన్సులిన్ పెన్ను బటన్ నొక్కడం, సూది పీకడం ఒకేసారి జరిగిపోయాయి. సూది కొసన ఇంకా చుక్క జారుతూనే ఉంది. బటన్ నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు తీయాలని అతనికి ఎవరూ గుర్తుచేయలేదు. పొట్ట మీద బొడ్డుకు కుడిపక్క చేత్తో తడిమితే మెత్తని గడ్డ తగిలింది. రోజూ అక్కడే పొడుచుకుంటున్నాడు, అక్కడైతే నొప్పి తెలియదు కాబట్టి. అలాంటి గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఎక్కుతుంది. ఇంట్లోనేమో "ఏదో దొంగతనంగా తింటున్నాడు" అని గొడవ. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. తనకు వచ్చని నిజంగానే అనుకున్నాడు, 10 చుట్టాడు.

కాబట్టి ధీమా వేరు, చేతనైన తీరు వేరు. రెండూ చూడాలి. చేసి చూపించలేని పనులకు చిన్న సందర్భం చెప్పి అడుగుతాం: "బస్సులో ఉన్నావు, షుగర్ పడిపోయి 58 చూపించింది. సంచిలో చాక్లెట్ ఉంది, గ్లూకోజ్ పొడి ఉంది. ఏది తీస్తావు?" చాలామంది చాక్లెట్ అంటారు. చాక్లెట్‌లో కొవ్వు ఉండటం వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. గ్లూకోజో, మూడు చిన్న చెంచాల చక్కెర కలిపిన నీళ్ళో తీసుకుని, పావుగంట ఆగి, మళ్ళీ టెస్ట్ చేసుకోవాలి. చిన్నపిల్లలకు అంత అవసరం ఉండదు, బరువును బట్టి డాక్టరు చెప్తారు.

పదులకు ఇంకో కారణం కూడా ఉండొచ్చు: పనంతా మీరే చేస్తున్నారేమో! అమ్మ డోసు లెక్కేసి, పెన్ను తిప్పి చేతికిస్తుంటే ఏ పిల్లాడైనా 10 చుడతాడు. అందుకే ధీమా కాగితంతో పాటు ఏ పని ఎవరి బాధ్యతో అడిగే కాగితం కూడా ఇస్తారు. బార్బరా ఆండర్సన్ బృందం 1990లో చేసిన కుటుంబ బాధ్యతల ప్రశ్నావళి ఇందుకే. "ఇది నా పని కాదు, అమ్మది" అని పిల్లాడు, "వాడిదే" అని అమ్మ రాసే పనులు కొన్ని తేలతాయి. సాధారణంగా తప్పిపోయే డోసులు ఆ పనుల్లోనే ఉంటాయి.

మా అమ్మాయి దాదాపు అన్నిటికీ 3, 4 చుట్టింది. హాస్టల్‌కు పంపకూడదా?

అంకెను చూసి చదువు ఆపేయకండి. ఏయే పనుల దగ్గర తక్కువుందో చూడండి. ఇన్సులిన్ దగ్గర 8 ఉండి, "రూమ్‌మేట్స్‌కు చెప్పగలను" దగ్గర 2 ఉంటే, నేర్పాల్సింది సూది కాదు. అక్కడ కావాల్సింది, షుగర్ పడిపోతే ఏం చేయాలో తెలిసిన ఒక్క స్నేహితురాలు, ఆ సంగతి ముందే తెలిసిన ఒక వార్డెన్. మన దగ్గర ఆడపిల్లల విషయంలో "పెళ్ళి కావాల్సిన పిల్ల, నలుగురికీ తెలియనీయకు" అని ఇంట్లోవాళ్ళే చెప్పిన మాట ఆ 2 వెనక ఉండటం నేను చాలాసార్లు చూశాను. బాత్రూంలో తలుపేసుకుని సూది వేసుకునే పిల్లకు ఎంత శిక్షణ ఇచ్చినా ఆ అంకె పెరగదు. అది పెరగాలంటే ముందు మారాల్సింది ఇంట్లో పెద్దవాళ్ళ మాట.

ఇంకొకటి. "3 ఎందుకు? 8 ఎందుకు కాదు?" అని అడగకండి. "3 వేశావే, 1 ఎందుకు వేయలేదు?" అని అడగండి. అప్పుడు తనకు చేతనైనది చెప్తుంది.

కాగితం అమ్మానాన్నల ముందే నింపాలా?

వద్దు. నింపేటప్పుడు ఒక పది నిమిషాలు పిల్లల్ని వేరే కూర్చోబెట్టండి. అమ్మ తొంగిచూస్తుంటే 4 కాస్తా 7 అవుతుంది. తర్వాత ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలి, ఏం వద్దు అన్నది పిల్లల్నే అడిగి చెప్పడం మంచిది. ప్రాణానికి ప్రమాదమైన సంగతి ఉంటే మాత్రం దాచలేమని ముందే చెప్పాలి. ఆ మాట చెప్పకుండా కాగితం చేతికివ్వడం మోసం.

తల్లిదండ్రులకు కూడా అదే ప్రశ్నలు విడిగా ఇచ్చి, "మీ పిల్ల చేసుకోగలదని మీకెంత నమ్మకం?" అని అడగొచ్చు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఇంట్లో గొడవ ఎక్కడుందో కనబడిపోతుంది.

(ఒక తొమ్మిదో తరగతి ప్రశ్న) తక్కువ వేస్తే డాక్టర్ తిడతారా?

తిట్టకూడదు. తిడితే ఆ తప్పు మాది. ఇవి మార్కులు కావు, పాస్, ఫెయిల్ లేవు. నువ్వు 2 చుట్టిన చోటే మేము ఎక్కువసేపు మాట్లాడతాం, ఎందుకంటే మాతో పని ఉన్నది అక్కడే. అన్నిటికీ 9 చుట్టి వెళ్ళిపోతే నీకు త్వరగా ఇంటికి పోవడం తప్ప ఇంకేమీ మిగలదు. ప్రశ్న అర్థం కాకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టు, ఊరికే అంకె చుట్టకు.

శిక్షణ తర్వాత స్కోరు పెరగాలి కదా, మా వాడిది తగ్గిందేంటి?

ఇది చాలాసార్లు జరుగుతుంది, చాలాసార్లు మంచిదే కూడా. తిండిలో పిండిపదార్థం లెక్కకట్టడం ఎంత పనో తెలియనప్పుడు 8 చుట్టాడు. మూడు ఇడ్లీలకూ, మూడు పుల్కాలకూ, కప్పు అన్నానికీ లెక్క వేరని, గిన్నె సైజు మారితే అంతా మారుతుందని తెలిశాక 5 చుట్టాడు. వాడి కొలబద్ద మారింది. పరిశోధకులు దీన్ని పట్టుకోవడానికి శిక్షణ తర్వాత ఇంకో ప్రశ్న అడుగుతారు: "ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి చూస్తే, అప్పుడు నీకు నిజంగా ఎంత ఉండేది?" అప్పుడు "3 ఉండేదేమో" అంటాడు. అంటే 3 నుంచి 5కి వచ్చాడన్నమాట.

ఎన్ని వస్తే బాగున్నట్టు? ఎన్నాళ్ళకోసారి చేయాలి?

గీత గీసి చెప్పే అంకె లేదు. పది జవాబుల సగటు ఎంతొచ్చింది అన్నదానికంటే, అన్నిటికంటే తక్కువ ఎక్కడుంది, పోయినసారికీ ఇప్పటికీ ఏది మారింది అన్నదే చూడాలి. 6 ఉన్నది 7 అయితే పండగ చేసుకోనక్కర్లేదు, ఆ పూట మూడ్ బాగుండి కూడా ఉండొచ్చు. ఏడాదికోసారి చాలు. కొత్త హాస్టల్, సిరంజి నుంచి పెన్నుకో పంపుకో మారడం, ఆసుపత్రిలో చేరి రావడం, ఇలాంటి మలుపుల దగ్గర మాత్రం తప్పకుండా మళ్ళీ చేయాలి. వచ్చిన ప్రతిసారీ ఇస్తే పిల్లలు పోయినసారి చుట్టిందే మళ్ళీ చుడతారు.

మరి ధీమా పెరిగేదెలా?

బందూరా నాలుగు దారులు చెప్పాడు. వాటిలో అన్నిటికంటే బలమైనది, స్వయంగా చేసి గెలవడం. కాబట్టి పనిని ముక్కలు చేయండి. పెళ్ళిలో అందరి ముందు సూది వేసుకోవడం 2 దగ్గర ఉంటే, ముందు పిన్నిగారింట్లో భోజనం దగ్గర, తర్వాత స్నేహితుడి పుట్టినరోజున, ఆ తర్వాత పెళ్ళిలో. రెండోది, తనలాంటివాళ్ళను చూడటం. డాక్టరు గంటసేపు చెప్పినదానికంటే, పంపు పెట్టుకుని క్రికెట్ ఆడే ఇంకో కుర్రాణ్ణి ఐదు నిమిషాలు చూస్తే ఎక్కువ పని జరుగుతుంది. టైప్ 1 పిల్లల క్యాంపుల వల్ల అసలు లాభం ఇదే. మూడోది, గౌరవం ఉన్నవాళ్ళు చెప్పే మాట, అదీ నిర్దిష్టంగా చెప్తేనే. "నువ్వు చేయగలవు" అంటే ఊరికే పోతుంది, "నిన్న షుగర్ 62కి పడిపోయినప్పుడు నువ్వే గుర్తుపట్టి గ్లూకోజ్ తీసుకున్నావు" అంటే నిలుస్తుంది. నాలుగోది, ఒంట్లో కలిగే గుర్తుల్ని సరిగ్గా చదవడం. గుండె దడ, చెమట షుగర్ పడిపోవడం వల్ల కావచ్చు, పరీక్ష భయం వల్ల కూడా కావచ్చు. మీటరు పెట్టి తేడా తెలుసుకోవడం అలవాటైతే ఆ భయం సగం తగ్గుతుంది.

ఒక మాట మాత్రం చెప్పాలి. స్ట్రిప్పులు కొనలేక రోజుకు ఒక్కసారే టెస్ట్ చేసుకునే పిల్లాడికి ధీమా పాఠాలు చెప్పడం అన్యాయం. వాడి 3 నిజాయితీగా వేసినదే. ముందు స్ట్రిప్పుల సంగతి చూడాలి.

స్కూలు, పరీక్షహాలు విషయంలో ఏమైనా హక్కులున్నాయా?

ఉన్నాయి. అవి తెలిస్తే పిల్లల అంకెలు కూడా మారతాయి. టైప్ 1 ఉన్న పిల్లలను తరగతిలో షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని, అవసరమైనప్పుడు తిననివ్వాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. బోర్డు పరీక్షల్లో చక్కెర మాత్రలు, పండ్లు, నీళ్ళ సీసా వంటివి లోపలికి తీసుకెళ్ళేందుకు సీబీఎస్‌ఈ 2017లోనే అనుమతించింది. జేఈఈ మెయిన్ సూచనల్లో కూడా ఈ వెసులుబాటు ఉంటుంది. రాసే పరీక్ష ఏదైనా, ఆ ఏడాది సూచనల పుస్తకం ప్రింటు, డాక్టరు సర్టిఫికెట్ ముందే సిద్ధంగా పెట్టుకోండి. గేటు దగ్గర ఇన్విజిలేటర్‌తో వాదించాల్సిన పని పిల్లల మీద పడకూడదు.

"ఏం చేసినా ఇంతేలే" అంటోంది. ఇది ధీమా సమస్యేనా?

కాకపోవచ్చు. చేయగలనని తెలిసినా చేయబుద్ధి కాకపోవడం, షుగర్ అంటేనే విసిగిపోవడం వేరే సంగతి. దానికి వేరే ప్రశ్నావళులున్నాయి. నిద్ర, తిండి, స్నేహాలు తగ్గిపోయినా, బరువు తగ్గడం కోసం ఇన్సులిన్ మానేస్తున్నట్టు అనిపించినా, ఈ కాగితం పక్కనపెట్టి డాక్టరుకు వెంటనే చెప్పండి. బతకాలని లేదన్న మాట నోట వస్తే ఆ రోజే సాయం తీసుకోండి. ఒంటరిగా వదలకండి, ఇన్సులిన్ మీ చేతుల్లో ఉంచుకోండి. మానసిక సాయం కోసం ఉన్న ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఏ వేళలోనైనా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

టైప్ 2 వచ్చిన యువతకు ఇదే వాడొచ్చా?

ఉన్నదున్నట్టు వద్దు. ఇన్సులిన్ సరిచేసుకునే ప్రశ్నలు వాళ్ళలో చాలామందికి వర్తించవు. అవి తీసేస్తే మిగిలిన స్కోరును మిగతావాళ్ళతో పోల్చకూడదు.

నేను ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థిని. స్కోరుకూ హెచ్‌బీఏ1సీకీ సంబంధం చూపిస్తే ప్రాజెక్టు అయిపోతుందా?

సంబంధం కనబడొచ్చు, సాధారణంగా అంత బలంగా ఉండదు. ధీమా ఉండబట్టి షుగర్ బాగుందా, షుగర్ బాగుండబట్టి ధీమా వచ్చిందా అన్నది ఒక్కసారి కొలిచి చెప్పలేరు. అదే పిల్లలను ఆరు నెలల తర్వాత మళ్ళీ కలవగలిగితే ప్రాజెక్టుకు విలువ వస్తుంది. క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతన కుదురుతున్నాయో చెప్పే అంకె) 0.9 వచ్చిందని ఒక పేరా రాసి వదిలేయకండి. ప్రశ్నలన్నీ ఒకటే మాట తిప్పి తిప్పి అడిగినా ఆల్ఫా ఎక్కువే వస్తుంది. ఎంతమంది అన్నిటికీ 10 చుట్టారో ఆ లెక్క కూడా ఇవ్వండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళయితే తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. నింపిన కాగితాల మీద పేర్లు కాకుండా కోడ్ నంబర్లు వేయండి, ఎవరి నంబరు ఏదో రాసుకున్న జాబితాను వేరే బీరువాలో పెట్టండి.